నాటకంలో తాగిన ఇప్పసారా

మొన్న బస్తీలల్ల నాటకాలేసే మా సంస్థల కొత్తగ చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచిన్రు. రిటైరైనోళ్ళను పిలిచి శాలువా కప్పి మాట్లాడమంటరు కదా, గట్లనే. ఒక అమ్మాయి నోట్‌బుక్ తెరిచి పెట్టుకొని, "దీదీ, మీరు మొత్తం ఎంతమంది ఆడపిల్లల బతుకులు మార్చిన్రు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, లోపల కొంచెం కోపం గూడ వచ్చింది. బతుకు మార్చుడంటే బల్బు మార్చుడా తల్లీ అందామనుకున్న. నోరు కట్టేసుకొని "తెల్వదు బిడ్డా" అన్న. ఆమె పెన్ను అట్లనే ఆగిపోయింది.

ఇంటికొచ్చినంక పాపం ఆ పిల్ల మొహమే కండ్ల ముందర తిరిగింది. ఆమె తప్పేముంది? మేం రాసిన రిపోర్టులన్నీ గట్లనే ఉండె. అందుకని ఇది రాస్తున్న. నాకు ఏ పదవి ఎప్పుడొచ్చింది, ఎన్ని ఆటలు ఆడినం అన్నవి ఇందుల ఉండయ్. ఈ పనిల నాకు బుద్ధి చెప్పిన సంగతులు రాస్త, అందుల ముఖ్యంగ నేను చేసిన ఒక తప్పు. దాని మూలంగ ఒక పిల్ల బతుకు మారబోయింది, అదీ చెడ్డదిక్కుకు.

నాది ఛత్తీస్‌గఢ్‌ల తెలుగు సరిహద్దుకు ఆనుకున్న కొంటా దిక్కు. ఇంట్ల తెలుగు, పక్కింట్ల దోర్లి, సంతల హల్బీ, బళ్ళె హిందీ. మా దిక్కు కోడిపిల్లకు గూడ రెండు భాషలొస్తయని మా నాయన నవ్వేది. జగ్దల్‌పుర్ బస్తీలల్ల అన్ని ఊళ్ళోళ్ళు కలిసి బతుకుతరు. వాళ్ళ మాట వాళ్ళకు మాట్లాడే మనిషి కావాలని నన్ను ఈ నాటకాల పనికి తీసుకున్నరు. అంతే తప్ప నాకు నటన వచ్చని కాదు.

రేడియో దీదీ

మొదట్ల మేం వేసిన నాటకాలు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గైతది. తాగుబోతు తండ్రి, ఏడ్చే తల్లి, "నేను చదువుకుంటాను నాన్నగారూ" అని పుస్తకం భాషల మాట్లాడే పిల్ల. ఏ బస్తీల పిల్ల అట్ల మాట్లాడుతది చెప్పుండ్రి? చివర్న నేను ముందుకొచ్చి ఆడపిల్లల హక్కులు వరసగ చదివేదాన్ని. జనం మర్యాదగ విని, మర్యాదగ లేచి పోయేది.

ఒకనాడు ఇంద్రావతి ఒడ్డు బస్తీల ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపింది. "ఏంది బిడ్డా, రేడియో లెక్క ఆపకుండ మాట్లాడుతున్నవ్. మా ఇండ్లల్ల పెండ్లి మాట ఎట్ల మొదలైతదో ఎన్నడన్న చూసినవా?" అన్నది. చుట్టూ ఉన్న పిల్లలు పడిపడి నవ్విన్రు. ఆ పొద్దు నుంచి ఆ బస్తీల నా పేరు రేడియో దీదీ.

ఆ మాట నాకు గట్టిగనే తగిలింది. తర్వాత మా పద్ధతే మార్చినం. ఆట ఆడే ముందు వారం రోజులు బస్తీల తిరిగేది. నల్లా కాడ, రేషన్ దుకాణం కాడ, ఇటుక బట్టీ నుంచి వచ్చే ఆడోళ్ళ వెంట. వాళ్ళు చెప్పిందే ఆటల పెట్టేది. సగం ఆటయినంక నేను స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొట్టేది. ఆడేటోళ్ళు ఎక్కడోళ్ళక్కడ ఆగిపోయేది. "ఇప్పుడు ఈ మనిషి ఏం చెయ్యాలె? నోటితో చెప్పకుండ్రి, వచ్చి చేసి చూపియ్యుండ్రి" అని జనాన్ని పిలిచేది. ఎవరైనా లేచొచ్చి ఆ వేషంల నిలబడొచ్చు.

ఒక టైలరు లేచొచ్చి, తువ్వాల నెత్తి మీదేసుకొని తల్లి వేషం కట్టిండు. కట్టి, మాట రాక నిలబడిపోయిండు. "మా ఆమె ఎట్ల అంటదో నాకు తెల్వదు, నేనెన్నడు వినలే" అన్నడు. నేను గంట సేపు చదివిన హక్కుల కన్న ఆ ఒక్క మాట ఎక్కువ పని చేసింది.

కానీ దీనితోటి నాకు పొగరొచ్చింది, అదీ చెప్పాలె. ప్రతి ఆట ముందర గొంతు పెంచి, "ఇది నాటకం కాదు, మీ ఇల్లే" అనేదాన్ని. ఎంత నిజంగ ఉంటే అంత గొప్ప అనుకునేదాన్ని.

సార్ బ్యానరు

మా మీద రాయ్‌పుర్ నుంచి వచ్చిన ఒక కోఆర్డినేటర్ సార్ ఉండె. ఆయనకు బ్యానరంటే ప్రాణం. మేం ఆడే జాగ కన్న బ్యానరే పెద్దగుండేది. ఆట అయినంక అందరితోటి చెయ్యి లేపించి ప్రమాణం చేయించాలె, ఫోటో తియ్యాలె. ఒకసారి నెల కిందనే పదిహేనేండ్ల బిడ్డకు పెండ్లి చేసినాయన అందరికన్న ఎత్తుగ చెయ్యి లేపిండు. నేను పోయి సార్ చెవిల చెప్పిన. ఆయన తీసిన ఫోటో చూసుకున్నడు. తర్వాత "ఫోటో అయితే బాగొచ్చింది మేడమ్" అన్నడు.

ఇట్ల ఎక్కిరిస్తున్న గని, ఆయన నేర్పిన మంచి ఒకటుంది. "బస్తీకి పోయే ముందు బడికి పొండి, హాజరు రిజిస్టర్ చూడండి, ఏ పిల్ల ఎప్పటి నుంచి వస్తలేదో తెలుసుకోండి" అనేటోడు. పాటల కన్న ముందు పేర్లు తెల్వాలె అన్నది ఆయన మాటే. తిట్టుకునే పై అధికారుల కాడ గూడ నేర్చుకునేది ఉంటది. మీరు గూడ నేర్చుకోండి.

బుధ్‌రామ్‌కు జ్వరం

మా సరిహద్దు ఊళ్ళల్ల, ముఖ్యంగ దోర్ల ఇండ్లల్ల, పెండ్లి మాట ఇట్ల నడుస్తది. పిల్లగాని తండ్రి సొరబుర్రల ఇప్పసారా పట్టుకొని పిల్ల ఇంటికొస్తడు. ఎందుకొచ్చిండో చెప్పడు. వానల గురించి, ఎడ్ల గురించి మాట్లాడుతడు. ఆకు డొప్పల సారా పోసి పిల్ల తండ్రికి ఇస్తడు. ఆయన తాగితే సంబంధం ఒప్పుకున్నట్టు. పక్కకు పెడితే వద్దన్నట్టు. నోటి నుంచి ఒక్క మాట రాకముందే పిల్ల బతుకు ఖాయమైతది.

దీన్ని మేం ఆటల పెట్టినం. పిల్ల తండ్రి వేషం బుధ్‌రామ్‌ది. మా డోలు మనిషి, హల్బీ మాట్లాడేటోడు, నాతోటి మొదటి నుంచి ఉన్నడు. తండ్రి వేషం కట్టిండంటే ఆడోళ్ళు నిజంగనే తిట్టేటోళ్ళు. పిల్లగాని తండ్రి వేషం మాత్రం ఎప్పుడూ ఆ బస్తీ మనిషికే ఇచ్చేది. సొరబుర్రల నీళ్ళు పోసేది. డొప్ప చేతికి రాంగనే నేను పళ్ళెం కొట్టి ఆట ఆపేదాన్ని.

ఎండకాలం చివర్న ఇంద్రావతి ఒడ్డు బస్తీల ఆట పెట్టుకున్నం. సార్ ఎవరో చుట్టాలను తెచ్చినట్టు నలుగురు పెద్దోళ్ళను తెస్తున్నడు, నిధులిచ్చేటోళ్ళు. పొద్దున్నే బుధ్‌రామ్ ఫోన్ చేసిండు. మలేరియా, దుప్పటి కింద వణుకుతున్నడు. "బస్తీ మనిషినే ఒకర్ని తండ్రిగ నిలబెడ్త" అన్న నేను. "వద్దు దీదీ, రెండు దిక్కులా బస్తీవాళ్ళే ఉంటే ఆట మన చేతిల ఉండదు. వారం ఆగు" అన్నడు. సార్ ఊకుంటడా? నేను ఆగలే.

పిల్లగాని తండ్రిగ ముందే అనుకున్న మనిషి జోగయ్య. గొల్లపల్లి దిక్కు నుంచి వచ్చి బస్తీల ఇల్లేసుకున్నడు. ఆయన కొడుకు నగర్‌నార్ ఉక్కు ప్లాంటు దిక్కు కాంట్రాక్టరు కింద కూలి పని చేస్తడు. పిల్ల తండ్రిగ నేను ఎర్రయ్యను లేపిన. ఆయనదీ అదే దిక్కు. మెత్తని మనిషి, నలుగుర్ల నోరు తెరవడు. "నాకు రాదక్కా" అంటుంటే చెయ్యి పట్టి గుంజుకొచ్చిన. ఆయన బిడ్డ ముత్తె ముందు వరసల కూసున్నది. తొమ్మిది పాసై పదిల చేరబోతున్న పిల్ల, పదిహేనేండ్లు. మా ఆటలకు పిల్లలను పోగేసేది ఆమెనే.

జోగయ్య సొరబుర్ర మూత తీసి వాసన చూసి, "నీళ్ళా? నవ్వుతరక్కా" అని ఇంటికి పోయి సారా నింపుకొచ్చిండు. నేను నవ్వి సరే అన్న. తప్పు అక్కడనే జరిగింది.

ఆట మొదలైంది. జోగయ్య వానల గురించి మాట్లాడిండు, డొప్ప నింపి ఇచ్చిండు. ఎర్రయ్య డొప్ప తీసుకొని, తాగబోయే ముందు చచ్చిపోయిన వాళ్ళ పెద్దల పేర్లు చెప్పుకుంట మూడు చుక్కలు నేల మీద పోసిండు. అది వాళ్ళకు అలవాటు, పెద్దలకు పెట్టకుండ గుక్క తాగరు. నాకు ఒళ్ళు పులకరించింది. బుధ్‌రామ్ ఇన్నేండ్లు ఆడినా ఇంత నిజం రాలేదు అనుకున్న. చూసుకుంట నిలబడి పళ్ళెం కొట్టుడు మర్చిపోయిన. ఎర్రయ్య తాగేసిండు. నేను గరిటె లేపేసరికి గాలివాన. బ్యానరు లేచిపోయింది, దాని వెనక సార్ ఉరికిండు, జనం ఇండ్లల్లకు ఉరికిన్రు. ఆట అక్కడనే ఆగిపోయింది.

మూడు చుక్కలు

తెల్లారి ముత్తె మా ఆఫీసుకు ఒక్కతే నడుచుకుంట వచ్చింది. "అక్కా, జోగయ్య మామ వాళ్ళు ఇంటికొచ్చిన్రు. బడి తెరిచే లోపల వాళ్ళ కొడుకుతోటి నాకు పెండ్లంట" అన్నది. నేను నవ్వులాట అనుకున్న. ఆమె నవ్వకపోయేసరికి లేచి చెప్పులేసుకున్న.

ఎర్రయ్య వాకిట్ల బస్తీ పెద్ద సింగయ్య కూసున్నడు. జోగయ్య ఆయన పక్కన. ఎర్రయ్య తల దించుకొని నేల గీకుతున్నడు.

"అది నాటకం గదా తాతా!" అన్న నేను.

"సారా నాటకమా?" అన్నడు సింగయ్య. "పిల్ల తండ్రి పిల్ల తండ్రే. పిల్లగాని తండ్రి పిల్లగాని తండ్రే. బస్తీ అంతా చూసింది. పెద్దల పేరు తీసి మూడు చుక్కలు పోసిండు. పెద్దలను ఆటకు పిలుస్తరా బిడ్డా?"

నేను జోగయ్య దిక్కు తిరిగి కోపంగ చూసిన. ఆయన కండ్లల్ల మోసం లేదు. "రెండేండ్ల నుంచి అడగాలని ఉండె, ధైర్యం చాల్లే. నువ్వే పిలిచి ఎదురుబదురు నిలబెట్టినవ్ అక్కా. ఎర్రయ్య ఒక్క క్షణం ఆగలే, తాగిండు. వద్దంటే పక్కకు పెట్టేటోడు గదా?" అన్నడు.

ఎర్రయ్యను అడిగితే, "చేతికిస్తే తాగిన. ఇప్పుడు కాదంటే పెద్దలకు అబద్ధం చెప్పినట్టైతది" అన్నడు.

"ఇది ఉత్త ఆట తాతా" అన్న మళ్ళ. సింగయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్వలే. "ఇన్నేండ్లు ఇది నాటకం కాదు, మీ ఇల్లే అని మా నెత్తి మీద అరిచినవ్. ఇయ్యాల నీకు అక్కర పడ్డది, ఉత్త ఆట అంటున్నవ్. ఏది నిజం?" అన్నడు. మీ ఇల్లే అంటే పిల్ల పోతది. ఉత్త ఆట అంటే ఇన్నేండ్లు మేం ఆడిందంతా పోతది.

సార్‌కు ఫోన్ చేసిన. "పిల్లకు పదిహేను. చట్టం ఉంది. పోలీసులను పిలవండి" అన్నడు. ఆయన చెప్పింది సరైందే. నేను సింగయ్యకు వయసు సంగతి, చట్టం సంగతి ముఖం మీదనే చెప్పిన. కానీ ఫోన్ చెయ్యలే. పోలీసులొస్తే వీళ్ళు ఆ రాత్రికే బిడ్డను ఊరికి తీసుకపోతరు. అక్కడికి నా పళ్ళెమూ పోదు, సార్ ఫోనూ పోదు. గట్ల ఆగుడు సరైందేనా? నాకు ఇప్పటికీ తెల్వదు. మీరైతే ముందు ఫోన్ చెయ్యండి. నేను చేసినట్టు చెయ్యమని ఎవరికీ చెప్పను.

ఆపిన కాడి నుంచి

అప్పటిదాక గుమ్మం కాడ నిలబడ్డ ముత్తె, "తాతా, ఆట అయిపోయిందా?" అని అడిగింది. అందరం ఆమె దిక్కు తిరిగినం.

"వానొచ్చి ఆగింది. అయిపోలే. అక్క పళ్ళెం కొట్టలే. నిన్నటి సారా లెక్కకొస్తే, మిగిలిన ఆట గూడ లెక్కకు రావాలె గదా" అన్నది. గొంతు సన్నగ ఉంది గని ఆగలే. సింగయ్య గడ్డం గోక్కున్నడు. జోగయ్య ఏదో గొణుక్కున్నడు. చివరికి ముసలాయన "పిల్ల మాట న్యాయంగనే ఉంది. సగం పని పెద్దలకు గూడ నచ్చదు" అన్నడు.

మూడో పొద్దు, పొద్దు గూకక ముందే అదే జాగల కూడినం. బ్యానరు లేదు. సార్‌ను రావద్దన్న. బుధ్‌రామ్ దుప్పటి కప్పుకొనే వచ్చి ఒక మూలకు కూసున్నడు, డోలు తేలే. ఎర్రయ్య, జోగయ్య ఎదురుబదురు నిలబడ్డరు. పళ్ళెం కొట్టి, "ఇప్పుడు ఎవరొస్తరు?" అన్న. పిల్ల వేషం కట్టే మా అమ్మాయి పక్కకు జరిగింది, ముత్తె వచ్చి ఆ జాగల నిలబడ్డది.

నేను ఆమె హక్కుల గురించి మాట్లాడుతదనుకున్న. మా పాటలన్నీ ఆమెకు నోటికొచ్చు. ఒక్క ముక్క అనలే. జోగయ్య కాడికి పోయి, "మామా, నాకు పొయ్యి" అని డొప్ప చాపింది. ఆయన బిత్తరపోయి సింగయ్యను చూసిండు. సింగయ్య తలూపిండు. జోగయ్య పోసిండు.

ముత్తె నేల మీద మూడు చుక్కలు పోసింది. పోసుకుంట చచ్చిపోయిన వాళ్ళ నాయనమ్మ పేరు తీసింది, ఆమె అక్క పేరు తీసింది, ఇంకొక ముసలామె పేరు తీసింది, ముగ్గురూ ఆడోళ్ళే. దోర్లిల అన్నది: "అవ్వా, నాయన తన మాట మీకు చెప్పిండు. నా మాట ఎవరూ మీకు చెప్పలే, నేనే చెప్తున్న. నాకు ఈ పెండ్లి వద్దు. నేను పది రాయాలె." అని డొప్ప పక్కకు పెట్టింది. తాగలే.

నల్లా నీళ్ళు బిందెల పడే చప్పుడు వినబడ్డది. అందరికన్న ముందు కదిలింది జోగయ్య. వంగి సొరబుర్ర తీసుకొని మూత పెట్టిండు. "ఏడ్చుకుంట వచ్చే కోడలు నా ఇంటికెందుకు" అన్నడు సింగయ్యతోటి. సింగయ్య లేచి, "ఇద్దరూ పెద్దలకు చెప్పిన్రు. డొప్ప పక్కకు పెట్టుడు గూడ మన పద్ధతే" అన్నడు. అంతే, అయిపోయింది. అప్పుడు ఆడోళ్ళు చప్పట్లు కొట్టిన్రు. బుధ్‌రామ్ దుప్పటి అంచుతో కండ్లు తుడుచుకున్నడు. నేను పక్కనున్న గోడకు ఒరిగి చిన్నపిల్ల లెక్క ఏడ్చిన.

రాయొచ్చా అని

దీన్ని గెలుపని రిపోర్టుల రాసుకున్నం. రిపోర్టుల రాయనిది ఇక్కడ రాస్తున్న. ఎర్రయ్య బిడ్డతోటి ఆర్నెల్లు మాట్లాడలే. ఆమె అన్నం పెడితే పక్కకు తిరిగి తినేటోడు. జోగయ్య ఇంటోళ్ళు మళ్ళ మా ఆటకు రాలే. దారిల కనబడితే మర్యాదగ పలకరించి పోయేటోళ్ళు, ఆ మర్యాదే నాకు చెంపదెబ్బ లెక్క ఉండేది. మేం ఆటల సారా సంగతి తీసేసినం. ఇద్దరు బస్తీ మనుషులను ఎదురుబదురు నిలబెట్టుడు మానేసినం. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి.

ముత్తె పది పాసైంది, పన్నెండు పాసైంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతుంది. ఆమె సెలవులకొస్తే ఎర్రయ్య బస్టాండు దాక పోయి సంచి మోసుకొస్తడు. ఇది రాయాలనుకున్నప్పుడు ఆమెకు ఫోన్ చేసిన. "ముత్తే, నీ సంగతి రాద్దామనుకుంటున్న. పేరు మారుస్త. రాయొచ్చా?" అన్న.

ఆమె నవ్వింది. "ఇప్పుడా అక్కా అడిగేది?" అన్నది.

నాకు అర్థం కాలే. "ఏంది బిడ్డా?" అన్న.

"రాయక్కా, మంచిగ రాయి. నాకు ధైర్యమని మాత్రం రాయకు. కాళ్ళు వణికినయ్, పొద్దంతా అన్నం దిగలే, అది రాయి. నాలెక్క భయపడే పిల్లలు చదవాలె" అన్నది. ఆగి, మెల్లగ అన్నది: "ఆ రోజు మా నాయనను గుంజుకపోయే ముందు ఒక్కసారి నా దిక్కు చూస్తవేమో అనుకున్న. ముందల్నే కూసున్న గదా. జోగయ్య మామ నన్ను కోడలి లెక్క చూస్తడని నాకు ముందే తెల్సు. నువ్వు అడిగితే చెప్పేదాన్ని."

ఆడపిల్ల నోటి మాట వినుండ్రని ఊరూరు తిరిగి డోలు కొట్టించిన మనిషిని నేను. ఆ పిల్ల నాకు నాలుగడుగుల దూరంల కూసొని ఉండె, ఆమెను అడగాలన్న ఆలోచనే నాకు రాలే.